మెలికలు తిరిగిన మాట

నేను ఇంగ్లీషు చదువుకొన్నదానను గాను. మా నాయనగారు నాకు ఏడవ యేట శబ్దమంజరియు, అమరమును మొదలుపెట్టించి, పెండ్లినాటికి రఘువంశమున ఆరు సర్గములును, మనుచరిత్రమును, భాగవతమున దశమస్కంధమును చెప్పిరి. బడి గడప త్రొక్కి యెరుగను. ఇంగ్లీషు అక్షరములు పెండ్లియైన తరువాత మావారియొద్ద నేర్చుకొన్నవి. ఆయన బడిపంతులు, పిల్లలకు ఇంగ్లీషు చెప్పువారు. ఇట్టిదానను ఇంగ్లీషు క్రియాపదమునుగూర్చి వ్రాయ బూనుట చూచి మీరు నవ్వవచ్చును. నవ్వుడు. కాని యా క్రియ నన్ను పెట్టిన పాట్లు పట్టభద్రులనైనను పెట్టి యుండదు. కావున దానినిగూర్చి నాకు కొంత తెలియునని చెప్పుకొనుటకు సందేహింపను.

ఆ క్రియ 'రిగిల్'.

మొన్న ఆషాఢమాసమున మా పెద్దమ్మాయికి బడిలో ఆరు క్రియాపదము లిచ్చి, ఒక్కొక్కదానితో ఒక్కొక్క వాక్యము వ్రాసి తెమ్మనిరట. అది యైదు వ్రాసి, ఆరవదానికడ కలము కొరుకుచు కూర్చుండి, "అమ్మా! రిగిల్ అంటే ఏమిటే?" యని యడిగినది. మావారు ఇంట లేరు. నేను గోంగూర వలుచుచున్నాను. ఆ మాట చెవిని బడగానే చేతనున్న యాకు చేతనే యుండిపోయినది. అమ్మాయికి వెంటనే యర్థము చెప్పలేదు. "వాన వెలియనిమ్ము. పెరటిలోనికి పోయి చూపెదను" అంటిని.

ఎందులకు చెప్పలేదో మీకు చెప్పెదను.

ఐదేండ్ల క్రిందట మావారికి నర్మదాతీరమందలి యొక పట్టణమున పని దొరకెను. అచట తెలుగువారి యిండ్లు వ్రేళ్లమీద లెక్కింపదగినవి. మా పేటలో నొక్కటియు లేదు. కూరగాయలు బేరమాడుటకు చాలినంత హిందీ మాత్రము నాకు వచ్చును. అప్పటికి మా చంటివాడు పదినెలలవాడు, అమ్మాయి నాలుగేండ్లది. మావారు పరీక్షాపత్రములు దిద్దుటకై పొరుగూరికి పోయి, నాలుగు దినములకుగాని రానని చెప్పి యుండిరి. రెండవనాటి రాత్రి పిల్లవానికి సుఖము లేకపోయెను. ఉండి యుండి కెవ్వున కేకవేయును; మోకాళ్లు కడుపులోనికి ముడుచుకొనును; మొగము తెల్లబారును. కొంతసేపటికి ఏమియు నెరుగనివానివలె వాలిపోయి నిద్రించును. పావుగంట గడవక మునుపే మరల నదియే. నడుమ నడుమ నెమ్మదించుచుండుటచేత, తగ్గినదేమో యని నేనును కొంతసేపు మోసపోతిని.

వీథి చివర నొక డాక్టరమ్మగారు కాపురముండిరి. ఆమెకు తెలుగు రాదు. నాకు హిందీ వ్రాయరాదు. ఒంటరిగా చంటివానితోను, నిద్రించుచున్న పిల్లతోను ఉన్నదానను ఎటు కదలుదును? చీటి వ్రాసి పొరుగింటి కుర్రవానిచేత పంపుదమని తలచితిని. 'పిల్లవాడు మెలికలు తిరిగిపోవుచున్నాడు' అని నా మనసులోని మాట. దానిని ఇంగ్లీషు చేయవలె. మావారి బల్లమీది నిఘంటువు దీపముకడ పెట్టుకొని వెదకితిని. మెలికలు తిరుగుట యను నర్థమునకు ఎదురుగా 'రిగిల్' కనబడినది. 'మై బేబీ ఈజ్ రిగ్లింగ్ ఆల్ నైట్. ప్లీజ్ కమ్' అని వ్రాసితిని. ఆ క్రియకు చివర నున్న 'ఈ' యక్షరమును తొలగించిన పిమ్మటనే 'ఇంగు' చేర్చవలెనని మావారు చెప్పిన సూత్రము ఆ గాబరాలోను నాకు జ్ఞప్తికి వచ్చినది. తప్పు లేకుండ వ్రాసితిని గదా యని ఒక నిమేషము సంతోషించితిని కూడ. బిడ్డ అట్లుండగా నట్లు సంతోషించినందులకు నేటికిని నాకు సిగ్గుగనే యుండును.

కుర్రవాడు తిరిగివచ్చి, తెల్లవారిన తరువాత ఎత్తుకొని రమ్మనిరని చెప్పెను. బిడ్డను భుజముమీద వేసికొని కొంచెము త్రిప్పుచుండు మనిరట.

త్రిప్పితిని. రెండు గంటలు త్రిప్పితిని. అప్పటికి పచ్చని పసరువంటి వాంతి యైనది. గుడ్డ మార్చునప్పుడు దీపము దగ్గరకు తెచ్చి చూతును గదా, నెత్తురు! పొరుగింటి తల్లిని లేపి అమ్మాయిని అప్పగించి, చంటివానిని కొంగున చుట్టుకొని పరుగెత్తితిని. తలుపు తీసిన డాక్టరమ్మగారు నన్నొక్క మాటయు నడుగలేదు. పిల్లవాని మొగము చూచిరి, కడుపు తడవి చూచిరి, తమ కారులోనే మమ్ములను పెద్ద వైద్యశాలకు తీసికొనిపోయిరి.

ప్రేగులో ప్రేగు దూరినదని అచట తేల్చిరి. రవిక చేయి లోనికి మడిగిపోయినట్లు, ప్రేగులో నొక భాగము దాని ముందరి భాగములోనికి చొచ్చుకొనిపోవునట. రెండేండ్లలోపు బిడ్డలకు, అందును ఏడాది నిండనివారికి, ఎక్కువగా వచ్చు జబ్బట. జాగైనకొలది ఆ చిక్కుకొన్న ప్రేగునకు నెత్తురందక చెడిపోవును. వెనుకవైపునుండి మెల్లగా గాలి యెక్కించి, ఎక్సరేలో చూచుచు, దూరినదానిని వెనుకకు నెట్టివేసిరి. కత్తితో పనిపడలేదు. మరికొన్ని గంటలు గడచి యుండిన యెడల పడెడిదని పెద్ద డాక్టరుగారు చెప్పిరి. తల్లులైనవారు ఈ గుర్తులు మరువరాదు: విడిచి విడిచి వచ్చు కేక, ముడుచుకొను కాళ్లు, తెల్లబారు మొగము. నెత్తురు కనబడువరకు నావలె కాచుకొని యుండవలదు.

మరునాడు డాక్టరమ్మగారు మమ్ములను చూడ వచ్చిరి. చేతిలో నా చీటి యున్నది. నాకు తెలియునట్లు నెమ్మదిగా, చిన్న చిన్న మాటలతో చెప్పిరి. ఆ చీటి చదువగానే ఆమె కన్నులయెదుట నిలిచిన బిడ్డ వేరట. నిద్రపోక, పక్కమీద కుదురుగా పండుకొనక, గుడ్డ మార్చబోయిన చేతిలోనుండి జారిపోవుచు, తల్లిని విసిగించుచున్న యల్లరి బిడ్డ! అట్టి బిడ్డకొరకు అర్ధరాత్రమున ఏ డాక్టరు లేచివచ్చును? తాను స్వయముగా వచ్చి చూడకపోవుట పొరపాటేయని ఆమె నొచ్చుకొనిరి. నేను చీటివంక చూచుచు తలవంచుకొంటిని. ఆమె పోవుచు పోవుచు ఇంకొక మాట అనిరి: నాకు ఆ పెద్దక్రియ తెలియకుండిన యెడల, 'బిడ్డ ఏడ్చుచున్నాడు, కాళ్లు ముడుచుకొనుచున్నాడు, మొగము తెల్లగానున్నది' అని తెలిసిన చిన్నమాటలతో వ్రాసి యుందును, ఆమె చదివిన నిమేషముననే వచ్చి యుందురు.

మావారు తిరిగివచ్చి సంగతి యంతయు విని, చాలసేపు పిల్లవాని నొడిలో పెట్టుకొని మాటాడకుండ కూర్చుండిరి. ఒక వారమునకుగాని ఆ క్రియ మా మధ్యకు రాలేదు. వచ్చిననాడు ఆయన చెప్పిన తీరు నాకు బాగుగ మనసున నాటినది. "మాటకు అర్థము తెలిసిన చాలదు, అది యే గుంపుతో తిరుగునో తెలియవలెను" అనిరి. రిగిల్ అనుదానితో తిరుగునవి వ్రేళ్లసందున పట్టిన వానపాము, గాలమున పడిన చేప, బడిబల్లమీద కూర్చుండలేని పిల్లవాడు, కంచె సందులోనుండి దూరువాడు. శరీరమును ఇటునటు చిన్న చిన్న వంపులుగా త్రిప్పుట దాని ముఖ్యార్థము. విడిపించుకొనవలెననియో, దూరవలెననియో యత్నము తరచుగ దానివెంట నుండును. నొప్పి దానిలో లేదు. నొప్పితో పొరలాడుటకు 'రైద్' అను వేరొక క్రియ కలదు. సిగ్గుచేత, ఇబ్బందిచేత ముడుచుకొనిపోవుచు కదలుటకు 'స్క్వర్మ్' అందురు. పాము నేలమీద జారిపోవునట్లు పోవుటకు 'స్లిదర్' అనునది తగినది. నేను ఆ రాత్రి వ్రాయవలసినది రైద్, వ్రాసినది రిగిల్. రెండింటికిని మా నిఘంటువున ఒకే తెలుగు!

ఇది విని నాకు మొదట రోషము వచ్చినది. మన తెలుగున ఇన్ని భేదములు లేవా? పెండ్లికూతురు సిగ్గుతో మెలికలు తిరుగును. రోగి నొప్పితో మెలికలు తిరుగును. తీగ పందిరి నెక్కుచు మెలికలు తిరుగును. ఒక్క మాటతోనే మనము పెండ్లిపీటకును మంచమునకును తిరుగుచున్నామా? ఆ మధ్యాహ్నము బియ్యమేరుచు లెక్కపెట్టనారంభించితిని. ఒడ్డున పడిన చేప గిలగిల తన్నుకొనును. పుచ్చిన వంకాయలో పురుగులు లుకలుక లాడును. పాము జరజర ప్రాకును. చంకనెత్తుకొన్న బిడ్డ క్రిందికి దిగవలెనని గింజుకొనును. దెబ్బతగిలినవాడు విలవిల లాడును. కడుపునొప్పి వచ్చినవాడు లుంగలు చుట్టుకొనిపోవును. బియ్యము చేటలో అట్లే యుండగా నా కన్నుల నీరు తిరిగినది. ఎందుకనగా, ఆ రాత్రి మా అమ్మ నా ప్రక్కనున్నచో, పిల్లవానిని చూచి 'మెలికలు తిరుగుచున్నాడు' అనెడిది కాదు. 'లుంగలు చుట్టుకొనిపోవుచున్నాడే' అని కేకవేసెడిది. ఆ మాట పట్టుకొని నిఘంటువు తెరచి యుండినచో, నొప్పిని విడిచి నా వ్రేలు వేరొకచోటికి పోయెడిది కాదు. నా తప్పు ఇంగ్లీషున జరిగినదని అందరు ననుకొన్నారు. అది యంతకు ముందే తెలుగున జరిగినది.

ఇంకొక సంగతి. చిన్ననాడు అమరమున పాముపేళ్లు వల్లించునప్పుడు, ఒక్క పురుగునకు ఇన్ని పేళ్లేల యని విసుగుకొనెడిదానను. ఇప్పుడు చూడగా వానిలో చాల పేళ్లు నడకలే! ఱొమ్ముతో పోవునది ఉరగము. కాళ్లతో పోనిది పన్నగము. వంకరగా పోవునది జిహ్మగము. వంపులు తిరిగి పోవునది భుజగము. సృప్ ధాతువు, అనగా ప్రాకుట, దానినుండి సర్పము, సరీసృపము. ఇంగ్లీషువారు పామునకు వాడెడి 'సర్పెంట్' అను మాటయు లాటినునుండి వచ్చి యీ సృప్ ధాతువునకు చుట్టమే యని మావారు చెప్పగా, నాకు పుట్టింటివారు కనబడినట్లైనది. సంస్కృతమును, గ్రీకును, లాటినును ఒకే మూలభాషనుండి పుట్టియుండవలెనని సర్ విలియం జోన్సుగారు కలకత్తాలో 1786వ సంవత్సరమున ఉపన్యసించిరట. అమరము చదివినదానికి ఇంగ్లీషు పూర్తిగా పరాయి యిల్లు కాదన్నమాట.

రిగిల్ పుట్టుక మాత్రము అటువంటిది కాదు. అది ఉత్తరదేశపు జర్మను భాషలవైపునుండి వచ్చినదట. దానిని వ్రాయునప్పుడు మొదట నొక 'డబల్యూ' వ్రాయవలెను, పలుకరాదు. పలుకని యక్షరమును వ్రాయుటేల యని నేను మావారితో పోట్లాడితిని. పూర్వమది పలికెడిదేనట, నోటినుండి జారిపోయినది, వ్రాతలో మిగిలినది. కాని ఆ మూగ యక్షరముతో మొదలగు మాటలను ఆయన ఒక కాగితముమీద వరుసగా వ్రాసి చూపగా ఆశ్చర్యపడితిని. తడిబట్ట పిండుట రింగ్, ఇటునటు తిరుగు మణికట్టు రిస్ట్, ముడుత రింకిల్, మెలివేసి చుట్టిన పూలవలయము రీత్, బాధతో పొరలుట రైద్, మన రిగిల్. మెలికయో, వంపో లేనిది వానిలో లేదు. తప్పు అనునర్థమిచ్చు 'రాంగ్' సైతము మొదట వంకర యను నర్థముగలదట. మనకును అంతేగదా! వంక యన్న వంపే. వంక యన్న లోపమే. పనికి రాకుండుటకు చెప్పెడి మిషయు వంకయే. అన్ని మాటలును అట్లే యుండవు. వ్రాయుటకు వాడెడి 'రైట్' అను క్రియలోను ఆ యక్షరమే యున్నను, దాని మొదటి యర్థము గీయుటయట.

చివర నున్న 'ల్' అను ధ్వని నాకు మరియు నచ్చినది. ఒక చిన్నపని మరల మరల జరుగుచున్నదని తెలుపుటకు ఇంగ్లీషువారు దానిని తగిలింతురు. నక్షత్రము మిణుకుమిణుకు మనుట ట్వింకిల్, చిటపటలాడుట క్రాకిల్, ఎలుక కొరుకుకొరుకుమని తినుట నిబిల్. మనము మాటను రెండుమార్లు పలికి సాధించునది వారు తోకతో సాధింతురు. గిలగిల యన్నను రిగిల్ అన్నను నా చెవికి ఇప్పుడు అక్కచెల్లెండ్రవలె వినబడును.

ఇక ప్రయోగము. పరీక్షలలో పిల్లలు పోగొట్టుకొను మార్కులు ఇచటనే యని మావారి ఫిర్యాదు. ఈ క్రియ సాధారణముగ అకర్మకము: వానపాము రిగిల్ చేయును, అంతే, దేనినో చేయదు. తన శరీరములోని భాగమైనచో కర్మ రావచ్చును. కాలివ్రేళ్లను రిగిల్ చేయవచ్చును. తిరుగుటకును త్రిప్పుటకును మనకు వేరువేరు రూపములు. వారికి రెండింటికి నొకటే. పామును పట్టుకొని రిగిల్ చేసితినని వ్రాసిన పిల్లవానికి మావారు సున్న వేసి, వాని ధైర్యమునకు మెచ్చుకొనిరట. 'ఫ్రీ' యను మాట వెంటనున్నచో గింజుకొని విడిపించుకొనుట. 'ఇంటు' వచ్చినచో ఇరుకైనదానిలోనికి దూరుట, బిగుతు చొక్కాలోనికి దూరినట్లు. 'అవుట్ ఆఫ్' వచ్చినచో శరీరముతో జారిపోవుటయు కావచ్చును, చేయవలసిన పనినుండి ఉపాయముగ జారుకొనుటయు కావచ్చును. దాని తరువాత క్రియ వచ్చినయెడల 'టు' చేర్చరాదు, 'ఇంగు' రూపముననే యుండవలెను. 'హీ రిగిల్డ్ అవుట్ ఆఫ్ గోయింగ్ టు ది మార్కెట్' అనవలెను. ఈ యుదాహరణము నాదే. ఆదివారమునాడు సంచి కనబడగానే ఎవరికి దిద్దవలసిన పుస్తకములు జ్ఞప్తికి వచ్చునో ఈ పత్రిక చదువు గృహిణులకు వేరుగ చెప్పనక్కరలేదు.

వాన వెలిసినది. అమ్మాయిని తీసికొని పెరటిలోనికి పోతిని. తులసికోట ప్రక్కన తడినేలమీద ఒక వానపాము పోవుచున్నది. ముందుభాగము సాగదీయును, వెనుకభాగము లాగుకొనును, తొందర లేదు. "ఇదేనా రిగిల్?" అన్నది అమ్మాయి. కాదంటిని. అది తన దారిని పోవుచున్నది, 'క్రాల్' అనవలెను. ఒక పుల్లతో దానిని మెల్లగా పైకెత్తితిని. ఎత్తుటయే తడవు అది ఎనిమిది వంపులు తిరిగి, పుల్లమీద నిలువక, చుట్టుకొని విడివడి, జారి క్రింద పడినది. అమ్మాయి రెండడుగులు వెనుకకు గెంతి, "ఇది! ఇది రిగిల్!" అని కేకవేసినది. ఔను, ఇది రిగిల్. నేను దానికి అర్థము చెప్పలేదు. అదియు నన్ను మరల నడుగలేదు.

"అయితే నొప్పి పుట్టి తిరిగితేనో?" అని కొంతసేపటికి అడిగినది. అప్పుడు రైద్ చెప్పితిని. దానిని వ్రాసికొమ్మని కూడ చెప్పితిని. బడిలో అడుగకపోయినను వ్రాసికొమ్మంటిని. ఎందులకనియు అడిగినది. తమ్ముడు చంటివాడుగా నున్నప్పటి సంగతి, చీటి సంగతి, దానికి అప్పుడు మొదటిసారి చెప్పితిని. అది విని వాని గదిలోనికి పోయి, వాడు నిద్రించుచున్న పక్క ప్రక్కను చాలసేపు కూర్చుండి వచ్చినది.

మరునాడు శనివారము. పిల్లవానికి తలంటి పోయవలెను. వానికి ఇప్పుడు ఆరవయేడు నడచుచున్నది. పీటమీద కూర్చుండబెట్టి మాడున నూనె పెట్టితినో లేదో, వాడు మోచేతులు ముడిచి, నడుము త్రిప్పి, నూనె జిడ్డుతో నా రెండు చేతులలోనుండి జారి, తడికె సందున దూరి వీథిలోనికి పరుగెత్తెను. అమ్మాయి చదువు విడిచి గుమ్మములోనికి వచ్చి, పకపక నవ్వుచు, బడిలో చెప్పునట్లు గట్టిగా, ఒక్కొక్క మాటయు విడదీసి, "మై బ్రదర్ రిగిల్డ్ అవుట్ ఆఫ్ మై మదర్స్ హ్యాండ్స్" అన్నది.

వాక్యము సరిగానే యున్నది. నేను నూనెగిన్నె క్రింద పెట్టి వానివెంట పరుగెత్తితిని.